అలివి వలా, నలుగురు చీనా గురువులూ

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర్నుంచి సముద్రం దాకా ఎవరినైనా అడగండి. చీనా దేశం వెళ్ళి, అక్కడి రాజులు రాజ్యమేలే పద్ధతులు నాలుగూ కళ్ళారా చూసి, చక్రవర్తి ఎదుటే నిలబడి "బాబూ, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు" అని తేల్చి చెప్పి వచ్చిన మనిషి ఈ గోదావరి గడ్డ మీద ఒక్కడే ఉన్నాడు. పేరు లోవరాజు. అది నేనే. నా తీర్పుకి చక్రవర్తి ఎంత మురిసిపోయాడంటే, పడవ కట్టుకోమని తన జడ కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

ఇక కథలోకి వస్తాను. మాది కోరంగికి దక్షిణాన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న పల్లెపేట. ముప్ఫై గడపలు. తాసిల్దారుగారు ఎలా ఉంటారో మాలో ఎవరూ చూడలేదు. మాకున్న సర్కారల్లా పేట పెద్ద. ఏ రోజు అలివి వల వేయాలో, ఎవరు ఏ తాడు పట్టాలో, పడిన చేపని ఎలా పంచాలో ఆయన మాటే మాట.

అలివి వల చూడనివారి కోసం రెండు ముక్కలు. వలని పడవ మీద తీసుకువెళ్ళి సముద్రంలో పెద్ద వంపుగా దింపుతారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఉత్తరపు తాడుకి పాతిక మంది, దక్షిణపు తాడుకి పాతిక మంది. వల మధ్యలో సంచి. రెండు పక్కలా సమానంగా లాగితే సంచి తిన్నగా ఒడ్డుకొస్తుంది. ఒక పక్క తొందరపడిందా, సంచి పక్కకి తిరుగుతుంది, చేప నవ్వుకుంటూ పోతుంది. అందుకే పెద్దాయన ఇసకదిబ్బ మీద నిలబడి, ఏ తాడు వదలాలో ఏ తాడు బిగించాలో కేకవేస్తాడు. ఇంకో ఆచారం కూడా ఉంది. సంచి ఇసక తాకే వేళకి తాడు మీద ఎవరి చెయ్యి ఉంటే వారికి చేప ఉంది. ముసలి చెయ్యైనా, ఊరికే ఆనించిన చెయ్యైనా సరే.

ఆ రోజుల్లో పేట పెద్ద మా మేనమామ అబ్బులు. ఆయన రెండో కూతురు మహాలక్ష్మిని నాకే ఇచ్చారు. మామయ్య కళ్ళకి పొరలు కమ్మాయి. దిబ్బ మీద నిలబడితే సముద్రం ఎటో, పేట ఎటో గాలిని బట్టి చెప్పేవాడు. ఇక పెద్దరికం తలపాగా నాకే అని పేటంతా అనుకుంది. పెద్దల్లుడు వెంకటరాజు రోజుకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, అతనికి ఆ ఆశ లేదు. వీధిబడిలో మూడేళ్ళు ఇసకలో అక్షరాలు దిద్దినవాణ్ణి, పేటలో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా కథలు చెబుతాను. మధ్యాహ్నం వలలు బాగుచేసుకునేటప్పుడు నా చుట్టూ ఇరవై మంది తక్కువ కాకుండా కూర్చునేవారు. మహాలక్ష్మి పైపంచె మడతపెడుతుంటే తీసుకుని, తలపాగా చుట్టుకుని, కాలవ నీళ్ళలో నీడ చూసుకునేవాణ్ణి.

అప్పుడు దిగాడు బుల్లబ్బాయి, రంగూన్ నుంచి. చేతిలో రేకుపెట్టె, చంకలో గొడుగు. మా పేటవాడే, తొమ్మిదేళ్ళకి తిరిగొచ్చాడు. మర్నాటి మధ్యాహ్నం వలల దగ్గర నా చుట్టూ ముగ్గురే ఉన్నారు. అందులో ఒకరు నిద్రపోతున్నారు. మిగతా పేటంతా తాటిచెట్ల కింద వాడి చుట్టూ చేరింది. నేనూ వెళ్ళాను, ఎండేసిన వల వెనక నిలబడ్డాను. వినడానికి కాదు. నీడ కోసం.

రంగూన్లో వాడు ఉన్న వీధిలో ఒక చీనా ముసలాయన అరుగు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాడట. పెద్ద ఉద్యోగానికి పరీక్షలు రాసి రాసి తప్పి, ఓడెక్కి వచ్చేసినవాడట. ఆయన చెప్పిన సంగతులు వీడు చెబుతున్నాడు.

"పూర్వం చీనాలో ఒక్క రాజు కాదండి, ఏడుగురు. ఒకళ్ళ పీక ఒకళ్ళు కొరుక్కునేవారు. అప్పుడు పండితులు బళ్ళు కట్టుకుని, రాజుగారూ, రాజ్యం ఏలడం నేను చెబుతాను, నేను చెబుతానని తిరిగేవారట. వాళ్ళ పేర్లు నా నోటికి తిరగవు గానీ, అందులో నలుగురు గట్టోళ్ళు. మొదటాయన్ని మనం మర్యాద పంతులందాం. రాజు తండ్రిలాగుండాలి, జనం బిడ్డల్లాగుండాలి, ఎవరి వరసకి తగ్గ మర్యాద వాళ్ళు చేస్తే కొరడాతో పనుండదంటాడు. పైవాడు తిన్నగా ఉంటే కిందవాడు సిగ్గుపడి తిన్నగా ఉంటాడట."

"పైవాడు తిన్నగా లేకపోతేనో?" అంది వాళ్ళమ్మ అప్పాయమ్మ.

"పంతులు బండి కట్టుకుని ఇంకో రాజు దగ్గరికి పోతాడమ్మా. పాపం, జన్మంతా బండి మీదే గడిచిపోయిందట."

అందరూ నవ్వారు. 

"రెండో ఆయన శిక్షల మంత్రి. మనిషి మంచోడని నమ్మకు, చెయ్యాల్సిందీ చెయ్యకూడనిదీ రాసి కోట గుమ్మానికి కట్టు అంటాడు. చేసినోడికి బహుమానం, చెయ్యనోడికి దెబ్బ. రాజుగారి బావమరిదైనా ఒకటే, కుమ్మరోడైనా ఒకటే."

"అది నెగ్గిందా?" మామయ్య ముందుకి వంగి అడిగాడు.

"ఆయ్, నెగ్గిందండి పెద్దయ్యగారూ. ఆ రాజ్యం మిగతా ఆరింటినీ మింగేసింది. మింగింది గానీ అరగలేదు. పదిహేనేళ్ళకే కక్కేసింది."

మూడో ఆయన సరిసమానం వడ్రంగి. పక్కింటి బిడ్డ నీ బిడ్డే, పక్క రాజ్యం నీ రాజ్యమే, అందరినీ ఒక్కలాగే చూడు అంటాడు. పెళ్ళికీ చావుకీ డప్పులు దండగంటాడు.

"డప్పుల్లేకుండా చావెలాగరా, సిగ్గులేకుండా!" అంది అప్పాయమ్మ.

"అందుకే ఆయన మతం నిలబడలేదనుకుంటానమ్మా. ఇక నాలుగో ఆయన ఊరుకునే తాత. రాజు ఎంత తక్కువ చేస్తే అంత మంచిదంటాడు. నీళ్ళని పల్లానికి ఎవడైనా తోస్తున్నాడా? జనమూ అంతేనంట. గొప్ప రాజంటే, ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండకూడదట."

"అయితే ధవళేశ్వరంలో అంత రాయి పోయించిన దొరలు ఈ తాత శిష్యులు కారన్నమాట," అన్నాడు మామయ్య.

ఆ మాటకి మహాలక్ష్మి పడీ పడీ నవ్వింది. పళ్ళన్నీ కనిపించాయి. పెళ్ళైన పదేళ్ళలో నేను చెప్పిన కథలకి ఆవిడ పళ్ళు నేనెప్పుడూ అన్ని చూడలేదు. నా కథలకి ఆవిడ "ఊఁ, తర్వాత?" అంటుంది. అదీ కూర కలుపుతూ.

అసలు ఆ కథలు నావి కావలసినవండి. మొదట చెప్పింది మరిచిపోండి. నేను చీనా వెళ్ళలేదు. రంగూనూ వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళ కిందట నేనూ బుల్లబ్బాయీ కలిసే కాకినాడ రేవులో స్టీమరెక్కాం. పుట్టినప్పటి నుంచీ పడవలో తిరిగినవాణ్ణి, ఆ బొగ్గు కంపుకి లంగరు ఎత్తకముందే వాంతి చేసుకుని, సామాను దింపే పడవలో ఒడ్డుకొచ్చేశాను. వాడు పైనుంచి చెయ్యి ఊపాడు. దిగకపోయి ఉంటే ఆ ముసలాయన అరుగు మీద నేనూ కూర్చునేవాణ్ణి కదా! చక్రవర్తి జడ అంటారా, అది కొబ్బరి పీచు తాడు. కోరంగి సంతలో కొన్నాను.

వారం తిరక్కుండానే పేట నోట మాట మారింది. "బుల్లబ్బాయికి లోకం తెలుసు." "తలపాగా వాడికి కడితే ఏంటంట?" నాకు వినిపించేలాగే అనేవారు. వాడు మాత్రం "నాకెందుకండి బాబూ" అనేవాడు. ఆ వినయం చూస్తే నా కళ్ళలో కారం కొట్టినట్టుండేది. కావాలని పోట్లాడితే తిట్టొచ్చు. వద్దంటున్నవాణ్ణి ఏం తిడతాం?

చివరికి మామయ్య తేల్చాడు. "గంగమ్మ జాతర ఇంకా వారముంది. లోవరాజు మూడు రోజులు వల ఏలతాడు. బుల్లబ్బాయి మూడు రోజులు. ఏడో రోజు అమ్మవారి ఎదట తలపాగా."

నేను రాత్రంతా ఆలోచించలేదు, ఎందుకంటే ఆలోచన ముందే ఉంది. వాడి గురువులతోనే వాణ్ణి కొట్టాలి. వాడికి కథలే వచ్చు. నేను ఏలి చూపిస్తాను.

మొదటి రోజు మర్యాద పంతులు. తాడు పట్టేవాళ్ళని వరస ప్రకారం నిలబెట్టాను. ముందు తాతలు, తర్వాత తండ్రులు, మామలు, బావలు, చివర తమ్ముళ్ళు. ప్రతివాడూ పట్టేముందు పెద్దవాడికి దణ్ణం పెట్టాలి. అంతా బాగానే ఉంది గానీ అల్లుళ్ళ దగ్గర ఆగిపోయింది. వెంకటరాజు పెద్ద కూతురి మొగుడు. నేను చిన్న కూతురి మొగుణ్ణి, కానీ వయసులో నాలుగేళ్ళు పెద్ద. ఎవరు ఎవరికి దణ్ణం పెట్టాలి? నెలకి నూట ఇరవై మాటలు మాట్లాడే వెంకటరాజు ఆ రోజు నెల సరిపడా మాటలన్నీ అప్పుడే మాట్లాడేశాడు.

"నువ్వు పెట్టిన వరసే కదా లోవరాజూ? వరస కూతుళ్ళదా, మనదా? కూతుళ్ళదే. అయితే నేనే పెద్ద. వంగు."

పేటంతా ఆడపిల్లవారు మగపిల్లవారుగా చీలి వాదించింది. మామయ్య గాలి వాసన చూసి, "ఒరే, చేప వెళ్ళిపోయింది, ఇక ఇంటికి పోయి వాదించుకోండి," అన్నాడు. అప్పటికి నేను వంగే ఉన్నాను.

రెండో రోజు శిక్షల మంత్రి. తాటాకు మీద గంటంతో నియమాలు రాసి పడవ ముక్కుకి కట్టాను. ఆలస్యమైతే చేప లేదు. ఊరికే చెయ్యి ఆనిస్తే చేప లేదు. గట్టిగా లాగినవాడికి రెండు కానాగంత చేపలు ఎక్కువ. పద్ధతి అద్భుతంగా పనిచేసింది. తాడు పట్టిన ప్రతివాడూ పళ్ళు బిగించి లాగాడు. బుట్టలు నిండాయి. కోట గుమ్మం మీద ఉన్న రాజులా తిరిగాను.

ఒక్కటే చిక్కు. ఆకు మీద రాసింది పేటలో ఎవరికీ చదవడం రాదు, నాకు తప్ప. వచ్చి అడిగేవారు. "ఇందులో నా సంగతేం రాశారండి?" నేను చదివేవాణ్ణి. నా బావమరిది పొద్దెక్కి వచ్చాడు. ఆకు చూసి, "పొద్దు తాటిచెట్టు తలదాకా వచ్చేవరకూ ఆలస్యం కిందికి రాదు" అని చదివాను. తర్వాత అప్పాయమ్మ వచ్చింది, మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ. బుల్లబ్బాయి తల్లి. పొద్దు ఇంకా తాటిచెట్టు నడుముకే ఉంది. అయినా నా నోరు దానంతటదే, "పొద్దు చెట్టు నడుముకొస్తే చేప లేదు" అని చదివేసింది. ఆవిడ తాడు మీద చెయ్యి ఆనించి మరీ అడిగింది. "ఈ చేతికి నలభై ఏళ్ళుగా చేప పెడుతున్నారు నాయనా." నేను ఆకు చూపించాను. ఆవిడ ఆకుని తడిమి చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం పంపకం అయ్యాక మహాలక్ష్మి పడవ దగ్గరికొచ్చింది. అందరూ ఉండగానే అడిగింది.

"మావా, ఆ ఆకు మీద ఎన్ని గీతలున్నాయి?"

"ఏడు. ఏం?"

"పొద్దున్నించీ నువ్వు ఇరవై రెండు నియమాలు చదివావు. నేను గవ్వలు పెట్టుకుంటూ కూర్చున్నాను. మిగతా పదిహేనూ ఆకు వెనకున్నాయా?"

ఆకు వెనక ఏమీ లేదండి. పేట నవ్విన నవ్వుకి కొంగలు లేచిపోయాయి. బుల్లబ్బాయి మాత్రం నవ్వలేదు. వాళ్ళమ్మకి తన చేపలు పెట్టాడు. నవ్వి ఉంటే బాగుండేది.

మూడో రోజు సరిసమానం వడ్రంగి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లాగినవాడికీ లాగనివాడికీ ఒకటే వాటా అన్నాను, నిన్నటి చెడ్డపేరు కడుక్కోవాలని. ఎండలో తాడు పట్టినవాళ్ళు పధ్నాలుగు మంది. చేపకి వచ్చినవాళ్ళు డెబ్భై మంది. పక్కపేట వాళ్ళు కూడా వచ్చారు. పక్క పేట మన పేటే కదా అన్నారు.

ఇక వాడి రోజులు. వాడు దిబ్బ ఎక్కి గొడుగు వేసుకుని కూర్చున్నాడు. కేక లేదు, వరస లేదు, ఆకు లేదు. జనం ఎవరి పాత చోట వాళ్ళు నిలబడి లాగారు. అప్పాయమ్మ పక్కనుంచి పాట అందుకుంది, అందరూ దాని దరువుకి అడుగు వేశారు. సముద్రం కొలనులా ఉంది. రెండు రోజులూ సంచి నిండా కవళ్ళ చేపలే. పంపకం పాత ఆచారం ప్రకారం జరిగిపోయింది.

"ఊరుకునే తాతంటే వీడే," అన్నారు జనం. "అబ్బ, ఎంత గొప్పగా ఊరుకున్నాడో!"

ఊరుకోవడం గొప్పా! నేను మూడు రోజులు చెమటోడ్చి నవ్వులపాలైతే, వాడు కూర్చుని మెప్పు తీసుకుంటున్నాడు. అన్నం సయించలేదు. మహాలక్ష్మి కవళ్ళ పులుసు పెడితే, ఇది వాడి వలలో పడింది కదా అని పక్కకి తోశాను. "నిన్నటివీ వాడి వలలోవే. రెండు సార్లు వడ్డించుకున్నావు," అంది ఆవిడ.

వాడి మూడో రోజు పొద్దున, పడవ వల దింపడానికి వెళ్ళినప్పుడు, బుల్లబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"బావా, నీకొక్కడికే చెబుతున్నాను. నాకు అలివి వల సంగతి ఏమీ గుర్తులేదు. తొమ్మిదేళ్ళు బియ్యం మిల్లులో బస్తాలు మోశాను. నోరు విప్పితే తెలిసిపోతుందని ఊరుకున్నాను, అంతే. తాతా లేడు, మతమూ లేదు. ఇవాళ నీళ్ళ రంగు నాకు బాగా అనిపించడం లేదు. వల తేడా పడితే నువ్వో కేకెయ్యి. వేస్తావు కదా?"

"వేస్తాలే," అన్నాను.

నీళ్ళ రంగు నిజంగానే బాగాలేదు. పైన వానలు పడినట్టున్నాయి, ఏరు ఎర్రగా దిగి, మొగలోంచి సముద్రంలోకి ఉత్తరంగా ఈడుస్తోంది. వల సగం దూరం వచ్చేసరికి దక్షిణపు తాడు బరువెక్కింది. అక్కడివాళ్ళు ఇసకలో మోకాళ్ళ దాకా దిగబడ్డారు. ఉత్తరపు వాళ్ళకి తేలిగ్గా ఉంది, పాట పాడుకుంటూ పరుగులాంటి నడకతో లాగుతున్నారు. సంచి తల మెల్లగా పక్కకి తిరగడం నాకు కనిపించింది. ఇంకో ఇరవై అడుగులు లాగితే మెలిపడుతుంది. మెలిపడితే చేపే కాదు, వల చిరుగుతుంది. అది పేట మొత్తానికి ఉన్న ఒక్క వల. జాతర దాటాక నాలుగు నెలల తిండి దానిలోనే ఉంది. బుల్లబ్బాయి గొడుగు ముడిచి, నిలబడి, వలని కాదు, నన్ను చూస్తున్నాడు.

అప్పుడు నేను దిబ్బ మీదకి ఒక్క గెంతు గెంతి "ఉత్తరం వదులూ!" అని కేకేశాను. ఆ కేకకి కాకినాడలో స్టీమరు లంగరు దించింది. ఉత్తరపు వాళ్ళు తాడు వదిలారు, సంచి తల తిరిగి నిలబడింది. వల దక్కింది. సగం చేప దక్కింది.

మర్నాడు గంగమ్మ ఎదట మామయ్య తలపాగా బుల్లబ్బాయికి కట్టాడు.

ఇరవై ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. అందరూ ఇక్కడే ఆపుతారు. "వల కాపాడింది మీరైతే తలపాగా వాడికెందుకు కట్టారండి?" అని. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెబుతూ వచ్చాను. నేనే వద్దన్నానని కొందరికి, తలపాగా నా తలకి చిన్నదైందని కొందరికి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనక ఉన్నది రాస్తాను.

మామయ్య ఆ రోజు నా పక్కనే ఉన్నాడు. ఉత్తరపు తాడు మీద ఊరికే చెయ్యి ఆనించి నిలబడ్డాడు, చేప కోసం కాదు, అలవాటు. తాడు తేలికవడం ఆయన చేతికి తెలిసింది.

"లోవరాజూ, చూస్తున్నావా?"

"చూస్తున్నాను మామయ్యా."

"మరి?"

 బుల్లబ్బాయి నన్నే చూస్తున్నాడు. నేను వేస్తానన్న కేక గొంతులో తయారుగా ఉంది. దాన్ని నాలిక కింద పెట్టుకుని నిలబడ్డాను. అంత తియ్యగా ఇంకేదీ నా నోట్లో ఎప్పుడూ లేదు. వల మెలిపడితే వాడి తాతా, వాడి రంగూనూ, మహాలక్ష్మి నవ్వూ అన్నీ ఒక్కసారి కొట్టుకుపోతాయి. ఇంకో పది అడుగులు. ఇంకో ఐదు.

"ఉత్తరం వదులూ!" అని అరిచింది మహాలక్ష్మి. దక్షిణపు తాడు చివర్నుంచి, మోకాళ్ళ దాకా ఇసకలో ఉండి. తర్వాత ఆవిడ నావైపు చూడలేదు. అంత దూరాన్నుంచి వల తిరగడం ఆవిడకి కనిపించిందంటే, పక్కనున్న నాకు కనిపించలేదని ఎవరికి చెప్పను?

జాతర రోజున మామయ్య నన్ను తిట్టలేదు. "వాడు తెలియక ఊరుకున్నాడు, నువ్వు తెలిసి ఊరుకున్నావు" అన్నాడు, అది కూడా నా ఒక్కడికే వినపడేలా. బుల్లబ్బాయికి తలపాగా కట్టేటప్పుడు వాడు, "నాకు రాదండి, లోవరాజు బావని అడిగి చేస్తాను," అన్నాడు అందరి ముందూ. ఇప్పటికీ అడుగుతాడు. వల దింపే ప్రతిరోజూ మా గుమ్మంలో నిలబడి, "బావా, ఇవాళ నీళ్ళు ఎలా ఉన్నాయంటావ్?" అంటాడు. చెబుతాను. చెప్పి, వాడు వెళ్ళేటప్పుడు ఆ తలపాగా వంక చూస్తాను.

చీనా గురువులు నలుగురూ బుల్లబ్బాయి చెప్పినవాళ్ళే. ఆకు మీద గీతలు ఏడే. చీనా ప్రయాణం పోగా, నేను కల్పించింది ఆ కేక నాదనడం ఒక్కటి.